గట్టిమేళానికి ముందు మాయమైన డోలు

నేను డిటెక్టివ్ కథలు రాస్తాను. ఈ మాట చెప్పగానే కొందరు నా మొహం వైపు, తరవాత నా చేతిలో కూరగాయల సంచి వైపు చూసి నవ్వుతారు. నవ్వితే నవ్వారు, పోయేదేముంది. ఫోన్లో వారం వారం వచ్చే నా కథలకు చదివేవాళ్ళున్నారు. ఒక్క వారం ఆలస్యమైతే తిట్టేవాళ్ళు కూడా ఉన్నారు. నా డిటెక్టివ్ పోలీసు కాదు, వకీలు కాదు, పెళ్ళిళ్ళలో డోలు వాయించే మనిషి. పాత వాద్యాలంటే ప్రాణం పెడతాడు. పెళ్ళింట్లో నగ పోయినా, మనిషి పోయినా, అడుగుల చప్పుడు విని దొంగను పట్టేస్తాడు.

ఇలాంటి మనిషి ఎక్కడ దొరికాడమ్మా అని అడుగుతారు. ఎక్కడ దొరకడమేమిటి, నేను కాపురం చేస్తున్నదే మేళం ఇంట్లో. నరసరావుపేటలో మా మామగారి డోలు అంటే తెలియని పాతకాలపు పెళ్ళిపెద్ద ఉండడు. మా ఆయన సన్నాయి వాయిస్తాడు. మా మరిది కూడా చిన్నప్పుడు సన్నాయే నేర్చుకున్నాడు గాని, మీసం వచ్చాక మనసు మార్చుకుని డీజే బాక్సుల వ్యాపారం పెట్టాడు. కోటప్పకొండ తిరునాళ్ళకు ఎత్తుగా కట్టిన ప్రభ ముందు ఆ బాక్సులు మోగితే కడుపులో పేగులు కూడా కదులుతాయి. మామగారు వాటిని బాక్సులు అనరు, బీరువాలు అంటారు. "ఒరేయ్, నీ బీరువాలు యాడ పెట్టావురా, గోడ బీటలిస్తంది" అని అరుస్తుంటారు.

ఇంట్లో ఎవరూ నా కథలు చదవరు. అత్తగారికి అక్షరాలు రావు, మామగారికి ఫోన్ అంటే చిరాకు, మా ఆయనకు నిద్ర. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే వాళ్ళు చదువుతారనే భయం ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

మా ముందుగదిలో ఒక పాత డోలు ఉంది. మామగారి తాతల నాటిది. పనస కర్రను తొలిచి చేసిన పీపా, చేతులు తగిలి తగిలి నల్లబడి నున్నగా ఉంటుంది. దాని మీద ఎప్పుడూ ఎర్రగుడ్డ కప్పి ఉంటుంది. పక్కనే మేకుకు పుల్ల వేలాడుతుంది. కుడివైపు తోలు మీద వేళ్ళతో, ఎడమవైపు తోలు మీద ఆ పొట్టి పుల్లతో వాయిస్తారు. రోజువారీ పెళ్ళిళ్ళకు మామగారు వేరే డోళ్ళు తీసుకెళ్ళేవారు. దీన్ని దించేది ఏ దసరాకో, ఇంట్లో శుభకార్యానికో.

మేళం ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఇంటి పిల్లల పెళ్ళికి బయటి మేళాన్ని పిలవరు. తాళి కట్టే వేళ ఏ తుమ్మూ, ఏ చెడ్డమాటా పెళ్ళికూతురి చెవిన పడకుండా డోలు, సన్నాయి కలిసి హోరెత్తిస్తాయి చూడండి, ఆ గట్టిమేళం ఇంటి పెద్దే వాయించాలి, ఇంటి డోలు మీదే వాయించాలి. మామగారి పెళ్ళిలో ఆయన తండ్రి వాయించాడు. మా పెళ్ళిలో మామగారు వాయించారు. ఆ రోజు ఆ చప్పుడుకు నాకు భయం వేసి, తలంబ్రాలా మూడుముళ్ళా అని కూడా చూసుకోలేదు.

ఇప్పుడు మా అమ్మాయి పెళ్ళి. మామగారికి ఎనభై దాటాయి. చెవుడు వచ్చింది, మోకాళ్ళు పట్టేశాయి, బయటి మేళాలు మానేసి చాలా కాలమైంది. సంబంధం కుదిరిన రోజున ఒకే ఒక్క మాట అన్నారు. "నా మనవరాలికి గట్టిమేళం వాయించి ఆ పుల్ల కింద పెడతా. ఆ డోలు మీదే. ఇంకోటి ముట్టను."

ఆయన అన్నారంటే అన్నారంతే. బ్రహ్మదేవుడు వచ్చి బతిమాలినా ఇంకో డోలు ముట్టరు.

పెళ్ళి వారం ఉందనగా ఒక ఉదయం మామగారి కేక వినిపించింది. నేను వంటింట్లోంచి పరిగెత్తాను. ముందుగదిలో ఎర్రగుడ్డ మడత పెట్టి ఉంది. డోలు లేదు. మేకుకు పుల్ల లేదు.

"నా డోలేది? ఎవుడు తీశాడు? ఒరేయ్, ఎవుడురా తీసింది?"

ఇల్లంతా వెతికాం. మంచాల కింద, అటక మీద, మరిది బాక్సుల వెనక. పక్కింటి పిన్ని వచ్చి మా బాత్రూము కూడా చూసింది, డోలు స్నానానికి వెళ్ళిందనుకుందో ఏమో. అత్తగారు మాత్రం చింతపండు పిక్కలు తీస్తూ, "కాళ్ళొచ్చి నడిచిపోయిద్దా, యాడో ఉంటదిలే" అని ఊరుకున్నారు. మామగారు అరుగు మీద కూలబడ్డారు. మా అమ్మాయి ఆయన పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు మా మరిది నోరు తెరిచాడు.

"వదినా, కథల్లో చానామందిని పట్టుకున్నావుగా. ఇంట్లో డోలు పోయింది, పట్టు చూద్దాం."

అందరూ నా వైపు చూశారు. మామగారు కూడా చూశారు. ఆ చూపులో ఎగతాళి లేదు. నిజంగానే నేను పట్టగలననుకున్నారు. నాకు రోషం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. పెళ్ళి పనులు పక్కన పెట్టి, కొంగు బిగించి రంగంలోకి దిగాను.

నా డిటెక్టివ్ మొదట అడిగే ప్రశ్న, ఆ రోజు ఇంట్లోకి ఎవరు వచ్చారు, ఇంట్లోంచి ఏం బయటికి పోయింది అని. వచ్చినవాళ్ళు పాలవాడు, శుభలేఖలు తెచ్చినవాడు, పందిరివాళ్ళు. బయటికి పోయింది ఒక్కటే, పాత పరుపు. పెళ్ళికి చుట్టాలొస్తారు కదా అని అత్తగారు దాన్ని ఆ ఉదయమే, మామగారు లేవకముందు, దూది ఏకించడానికి ఆటోలో పంపారు. దాన్ని ఆటోలోకి ఎత్తడానికి నేనే ఒక చేయి వేశాను. "ఇంత బరువేంటత్తయ్యా" అంటే, "పాత దూది, చెమ్మ పట్టింది" అన్నారు. కాబట్టి బయటికి అనుమానించదగ్గది ఏదీ పోలేదని తేల్చేశాను. నా తెలివికి దిష్టి తియ్యాలి.

ఇక అనుమానితులు. సత్తెనపల్లిలో పాత సామాన్లు కొనే ఒకాయన ఉన్నాడు. హోటళ్ళకు, పెద్ద పెద్ద ఇళ్ళకు అలంకారం కోసం అమ్ముతాడు. ఆ డోలు కోసం మా గడప చాలాసార్లు తొక్కాడు. చివరిసారి వచ్చినప్పుడు మామగారు చెప్పు చూపించారు. అయినా ఆయన మా మరిదితో బయట నిలబడి మాట్లాడటం నేను కళ్ళారా చూశాను. రెండూ రెండూ కలిపితే నాలుగు. మరిదిని పట్టుకుని కడిగేశాను.

"ఏంది వదినా, నన్ను దొంగంటావా? ఆయన అడిగింది నా పాత బాక్సుల గురించి. కావాలంటే రా, పోయి ఆయన గొడౌనే చూద్దాం. అక్కడుంటే నా మీసం తీసేస్తా."

ఆ మీసం మీద అతనికి ఎంత ప్రేమో నాకు తెలుసు. అయినా తగ్గలేదు. అతని వ్యాన్‌లోనే సత్తెనపల్లి బయలుదేరాం, దొంగా పోలీసూ ఒకే బండిలో.

మేం బయలుదేరే ముందు జరిగిన ఒక చిన్న విషయం చెప్పాలి. ఆ మధ్యాహ్నం మామగారికి అన్నం వడ్డించాను. మొదటి ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఆగారు. వాసన చూశారు.

"బియ్యం మార్చారా అమ్మాయ్?"

"లేదు మామయ్యా, అవే."

"ఆముదం వాసన వస్తంది."

నాకు ఒళ్ళు మండింది. డోలు పోయి నేను తల పట్టుకుంటే ఈయనకు అన్నంలో ఆముదం! అత్తగారు వంటింట్లోంచే, "వయసైపోయినోళ్ళకి అన్నీ వాసనలే" అన్నారు.  మామగారు కంచంలో గోంగూర వేయించుకుని, మారు అన్నం పెట్టించుకుని తిన్నారు. ఆ తరవాత డోలు గురించి కేకలు ఆగిపోయాయి. అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళను పలకరించడం, నేను కనిపిస్తే "ఏమన్నా తెలిసిందా?" అని మెల్లగా అడగడం, అంతే. ఈయన అరిస్తే భరించగలను గాని ఈ నెమ్మదితనం నా వల్ల కాలేదు. దిగులు లోపలికి పోయిందనుకున్నాను.

సత్తెనపల్లి గొడౌను గురించి ఒక కథే రాయవచ్చు, రాస్తాను కూడా. తిత్తి చిరిగిన హార్మోనియాలు, తీగలు లేని వీణ, నోరు సొట్టపోయిన క్లారినెట్లు, గ్రామఫోను గొట్టాలు. ఒక మూల డోళ్ళ వరస.  ఒక్కొక్కటీ తిప్పి చూశాను. మాది లేదు. ఒక మృదంగానికి ఒక మూత పీకేసి లోపల బల్బు పెట్టారు. స్విచ్ వేస్తే పచ్చగా వెలుగుతోంది.

"బెడ్రూములో పెట్టుకుంటారమ్మా, చానా గిరాకీ" అన్నాడాయన.

"మీ నోట్లో బల్బు పెడితే ఇంకా బాగా వెలుగుతుంది" అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. నేను నొచ్చుకోలేదు. మా మరిది మాత్రం ఆ మృదంగాన్ని చాలాసేపు నిమిరి చూశాడు. తిరుగు దారిలో వ్యాన్‌లో పాట పెట్టలేదు. ముప్పాళ్ళ రోడ్డు దగ్గర టీ తాగుతూ, "సన్నాయి వాయించి చానా రోజులైంది వదినా, ఊపిరి ఆగిద్దో ఆగదో" అన్నాడు. పెళ్ళిలో మా ఆయన కన్యాదానం చెయ్యాలి కాబట్టి సన్నాయి వాయించాల్సింది ఇతనే. మీసం దక్కినందుకు సంతోషంగా ఉండాల్సినవాడు ఇలా అంటాడేమిటా అని అప్పుడు అనుకున్నాను.

ఇక డోలు దొరకదని నాకు అర్థమైపోయింది. మామగారు వట్టి చేతులతో పెళ్ళి పీటల పక్కన కూర్చోవడం తలుచుకోలేకపోయాను. ఆ మాట మా అమ్మాయికి ఎలా చెప్పాలో తెలియలేదు.

పెళ్ళి దగ్గరపడి చుట్టాలు దిగారు. ఒక మధ్యాహ్నం అనుకోకుండా ఇంకో ఆటో నిండా దిగారు. అన్నం సరిపోదు. మా ఇంట్లో బియ్యం కొలిచేది అత్తగారే. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పెద్ద డబ్బాలో నా చేయి పెట్టనివ్వలేదు. కోడలు బియ్యం కొలిస్తే అత్తకు పదవి పోయినట్టేనని ఆమె లెక్క. ఆ సమయానికి అత్తగారు శుభలేఖలు పంచడానికి వీధిలోకి వెళ్ళారు. నేను డబ్బా మూత తీసి మోచేతి దాకా చేయి పెట్టాను. గట్టిగా ఏదో తగిలింది. లాగితే పుల్ల వచ్చింది.

డోలు పుల్ల. నిగనిగలాడుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పుమని ఆముదం.

 మామగారు నిజమే చెప్పారు, అన్నంలో వాసన ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇంట్లో పుల్ల పెట్టుకుని నేను సత్తెనపల్లి దాకా వెళ్ళొచ్చాను. అంతలో తిరిగొచ్చిన అత్తగారు గుమ్మంలో నిలబడి నా చేతిలో పుల్ల చూశారు. భయపడతారనుకున్నాను. ముందు తలుపు దగ్గరగా వేసి, తరవాత నన్ను తిట్టారు.

"బియ్యంలో చెయ్యెవరు పెట్టమన్నారే నిన్ను?"

"డోలు ఎక్కడ అత్తయ్యా?"

"మాచవరంలో ఉంది. అరవమాక."

ఆమె చెప్పింది ఇది. డోలు ఎడమవైపు మూత, అంటే ఆ తోలు, మామగారి తండ్రి తన చేత్తో బిగించింది. ఆయన పోయే ముందు, "నేను బిగించిన మూత ఊడదియ్యమాకరా" అని కొడుకు దగ్గర మాట తీసుకున్నాడు. ఆ మాట మీద మామగారు ఇన్నేళ్ళూ దాన్ని మార్చలేదు. కాని ఆ తోలు ఎప్పుడో పొడిబారి, అంచున నెర్రెలిచ్చింది. పోయిన దసరాకు వాయిస్తే పగిలిన కుండ మీద కొట్టినట్టు మోగింది. మేమంతా విన్నాం. చెవుడు కాబట్టి ఆయనకు వినపడలేదని మేమంతా అనుకున్నాం, చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఇప్పుడు వియ్యాలవారు గురజాల మేళంవాళ్ళు. శ్రుతి తప్పితే భోజనాల దగ్గరే మొహాన అనేసే రకం.

"అంతమందిలో ఆయన వాయిస్తా ఉంటే వాళ్ళు మొహాలు చూసుకుని నవ్వుతారు. ఆయన అది చూస్తే ఉంటాడా? అందుకే పరుపులో చుట్టి పంపా. మా తమ్ముడి వరస వాడొకడు మాచవరంలో తోలు బిగిస్తాడు."

పరుపు! చెమ్మ పట్టిన దూది! నేనే ఎత్తిన దూది!

"మరి పుల్ల బియ్యంలో ఎందుకు?"

"మేళం ఇళ్ళల్లో ఆడోళ్ళ పద్ధతి. డోలు బాగుచేతకి పోతే పుల్లకి ఆముదం పూసి బియ్యంలో పెట్టాలి. పుల్ల అన్నంలో ఉంటే డోలు ఇంటికి ఆకలేసి తిరిగొచ్చిద్దంట. మా అత్త నాకు చెప్పింది. మగాళ్ళకి చెప్పే పని కాదిది. మీ మామకి తెలిస్తే తండ్రి మూత పీకించానని నా మీద పడి ఏడుస్తాడు. నీకు పున్నెం ఉంటదిగాని చెప్పమాక."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆమె మెడ విరిగేంత గట్టిగా కౌగిలించుకున్నాను. "ఛీ, వదలవే, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు" అన్నారు.

మర్నాడు మరిదిని వెంటబెట్టుకుని మాచవరం వెళ్ళాను. పని అప్పుడే పూర్తయింది. ఆ పెద్దమనిషి డోలును ఒళ్ళో పెట్టుకుని ఎడమవైపు ఒక్క దెబ్బ వేశాడు. గదిలో ఉన్న గిన్నెలు పలికాయి.  మా మరిది, ఆ బీరువాల మనిషి, కళ్ళు మూసుకుని విన్నాడు. పాత తోలు పారెయ్యలేదని ఆ పెద్దమనిషి చూపించాడు. దానిలోంచి సన్నటి పట్టీలా ఒక తోలువారు కోసి, చుట్టూ బిగించే కొత్త వార్ల మధ్య కలిపి అల్లాడు. తెల్లటి వార్ల నడుమ అదొక్కటే నల్లగా కనిపిస్తోంది. ఆ పని మా అత్తగారు చెప్పి చేయించిందే.

ఇప్పుడు అసలు చిక్కు. డోలు ఎలా దొరికిందని మామగారికి చెప్పాలి? పొద్దున బయలుదేరేటప్పుడే అత్తగారు నా వైపు చూసి, "అబద్ధాలు రాసి అచ్చేసుకుంటావుగా, ఒకటి చెప్పలేవా?" అన్నారు. జీవితంలో నా సాహిత్యానికి ఆమె ఇచ్చిన గుర్తింపు అదొక్కటే.

దారి పొడుగునా కథ అల్లుకున్నాను. ఇంటికి రాగానే మామగారి చెవి దగ్గర కూర్చుని మొదలుపెట్టాను. పందిరివాళ్ళలో ఒక కొత్త మనిషి. అతని కుంటి నడక. అరుగు మీద గుంజ గీసుకుపోయిన గుర్తు. సత్తెనపల్లి గొడౌను, బల్బు పెట్టిన మృదంగం (అది నిజమే కదా, బాగా వాడుకున్నాను). చివరికి మాచర్ల వెళ్ళే లారీలో, మిరపకాయ బస్తాల వెనక మన డోలు! దొంగ నన్ను చూసి దూకి పారిపోయాడు.

మామగారు రెప్ప వెయ్యకుండా విన్నారు. మధ్యలో "అబ్బో" అన్నారు. "మిరపకాయ బస్తాలా?" అని అడిగారు. అంతా అయ్యాక గడ్డం గోక్కున్నారు.

"కథ బాగుంది అమ్మాయ్. ఒకటే అతకలా."

"ఏంటి మామయ్యా?"

"అమ్ముకునేవాడికి పుల్లెందుకు? పుల్ల కూడా తీసుకుపోయాడంటే వాడికి వాయించడం వచ్చుండాలిగా?"

 నిజంగానే అది కథలో పెద్ద చిల్లు.  డోలు మీద కప్పిన ఎర్రగుడ్డ మామగారు తీసి చూస్తారేమోనని నేను దాని అంచు పట్టుకుంటే, "పెళ్ళినాడు చూస్తాలే, అక్కడ పెట్టు" అన్నారు. బతికిపోయానని అనుకున్నాను.

పెళ్ళి మా ఊళ్ళోనే, కల్యాణ మండపంలో. గురజాల నుంచి వియ్యాలవారు రెండు బస్సుల్లో దిగారు. వాళ్ళ మేళం పెద్దలు మొదటి వరస కుర్చీల్లోనే కూర్చున్నారు, చెవులు రిక్కించుకుని. మామగారిని కొత్త పంచె కట్టించి తెచ్చి, పీటల పక్కన దుప్పటి పరిచి కూర్చోబెట్టాం. పక్కన మా మరిది సన్నాయితో. మీసానికి నూనె రాశాడు, నుదుటి మీద మాత్రం చెమటలు. నేను పెళ్ళికూతురి వెనక నిలబడ్డాను గాని నా కళ్ళు మామగారి చేతుల మీదే ఉన్నాయి.

ఆయన ఎర్రగుడ్డ తీశారు. కొత్త తోలు తెల్లగా మెరిసింది. ఎడమచేయి దాని మీద పెట్టారు. ఆగారు. వేళ్ళు మెల్లగా అంచు మీదికి, అంచు నుంచి వార్ల మీదికి పోయాయి. ఒక్కొక్క వారూ తడుముకుంటూ పోయి, నల్ల వారు దగ్గర నిలిచిపోయాయి. తల పైకెత్తలేదు.

"గట్టిమేళం! గట్టిమేళం!" అని పంతులుగారు అరిచారు. అల్లుడు తాళి పట్టుకున్నాడు. మరిది సన్నాయి నోట్లో పెట్టుకుని తండ్రి వైపు చూస్తున్నాడు. పంతులుగారు ఇంకోసారి అరిచారు.  అయిపోయింది, కనిపెట్టేశారు, లేచిపోతారు అనుకున్నాను. స్తంభం పక్కన అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

మామగారు ఆ నల్ల వారును బొటనవేలితో ఒక్కసారి నొక్కి, పుల్ల ఎత్తి కొట్టారు.

ఏం కొట్టారు! మండపం రేకులు మోగాయి. ఎనభై ఏళ్ళ మనిషి చేతుల్లో అంత జోరు ఎక్కడ దాక్కుందో నాకు తెలియదు. మా మరిది సన్నాయి మొదట తడబడి, తండ్రి దెబ్బను పట్టుకుని పైకి లేచింది. గురజాల పెద్దల్లో ఒకాయన కుర్చీలోంచి లేచి నిలబడి తొడ మీద తాళం వేశాడు. తాళి కట్టడం అయిపోయింది, తలంబ్రాలు మొదలయ్యాయి, మామగారు మాత్రం ఆపలేదు. మా అమ్మాయి తలంబ్రాల మధ్యనుంచి తాతను చూసి పగలబడి నవ్వుతోంది. నేను ఏడుస్తున్నాను, సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటూ. సంతోషానికి ఏడుపు వస్తుందని కథల్లో రాశాను గాని ఇంత కారుతుందని తెలియదు.

భోజనాల వేళ మామగారికి నేనే వడ్డించాను. ముద్ద కలుపుకుని వాసన చూసి నన్ను దగ్గరకు రమ్మన్నారు.

"అన్నంలో వాసన పోయిందేందే?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"మా అమ్మ ఉన్నప్పుడు కూడా అంతే. డోలు బాగుచేతకి పోయిన నాళ్ళలో అన్నం ఆముదం కొట్టేది. వచ్చాక పోయేది. మా నాయన నోరెత్తకుండా తినేవాడు, నేనూ తినేవాడిని."

"అయితే మీకు మొదటి నుంచీ తెలుసా మామయ్యా?"

"మొదటి పూట తెలీదు. ముద్ద నోట్లో పెట్టుకున్నాక తెలిసింది. నాకు చెవుడు వచ్చింది గాని చేతికి రాలేదుగా. ఆ మూత పోయిందని దసరానాడే తెలుసు. నేను తీయిస్తే మా నాయనకిచ్చిన మాట తప్పినట్టు. మీ అత్త తీయించింది, నాకు తెలీదు. అయిపోయింది." మజ్జిగ పోయించుకుని, ఇంకా మెల్లగా అన్నారు. "దానికి చెప్పమాక. నన్ను బోల్తా కొట్టించాననే సంబరంలో ఉంది."

నేను గరిటె పడేసి వంటశాల వెనక ఉన్న అత్తగారి దగ్గరకు పరిగెత్తాను. చెప్పకూడదు కదా, అందుకని చుట్టుతిప్పి అడిగాను. మామయ్య ముక్కు అంత చురుకైనది కదా, ఆముదం వాసనతో ఆయన కనిపెట్టేస్తే ఏం చేసేవారు అత్తయ్యా అని.

ఆమె విస్తరాకులు లెక్కపెట్టడం ఆపి నన్ను ఎగాదిగా చూశారు.

"ఊరికే పూస్తే ఈ వయసులో ఆయన ముక్కుకి యాడ అందిద్ది? ఎప్పుడూ ఒక పూత పూస్తాం. ఈసారి కారేటట్టు పూశా. ఆయనకి చెప్పకుండా ఆయన డోలు గడప దాటిస్తానా? మారు అన్నం పెట్టించుకున్నాడు, సరేనన్నట్టేగా. నువ్వు మటుకు చెప్పమాక, నాకు తెలీదనుకుంటన్నాడు పాపం."

ఇంత పెద్ద కేసు నా కళ్ళ ముందే, నేను వండిన అన్నంలోనే నడిచింది. నేరం, ఒప్పుకోలు, క్షమాపణ అన్నీ కంచంలోనే అయిపోయాయి. డిటెక్టివ్ మాత్రం సత్తెనపల్లిలో తిరుగుతోంది.

అమ్మాయి గురజాలలో హాయిగా ఉంది. మామగారు అన్నట్టే పుల్ల కింద పెట్టేశారు, డోలు ఇప్పుడు మా ఆయనది. మా మరిది తిరునాళ్ళకు బాక్సులతో పాటు సన్నాయి కూడా తీసుకెళుతున్నాడు. పోయిన వారం డోలు కుడివైపు మూత వదులైంది. మార్చాలంటే మా ఆయన వినడు. "మా నాన్న వాయించిన తోలు, ముట్టుకోవద్దు" అని పట్టు పట్టాడు. వాళ్ళ వంశం అంతే.

నిన్న మధ్యాహ్నం మా ఆయన నిద్రపోతుంటే అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచారు. బియ్యం డబ్బా మూత తీసి పక్కన పెట్టారు. మేకు మీంచి తెచ్చిన పుల్ల, ఆముదం సీసా నా చేతిలో పెట్టారు.

"నువ్వే పూయి" అన్నారు. "నీ మొగుడి ముక్కు మందం. కాస్త ఎక్కువే పూయి."